మూడు బారల లోతు

మా తిరుపతికి సముద్రం గెజిట్‌లో వచ్చింది.
ఉగాది వెళ్ళిన రెండో నాడు
జిల్లాల గీతలు చెరిపి మళ్ళీ గీసినప్పుడు
ఎవరో గుమాస్తా పెన్సిలు కొస
తూర్పుకి జారి నీళ్ళను తాకింది.
అంతకుముందు మాకు ఉప్పంటే ప్యాకెట్టే.
అలంటే గరుడసేవ రాత్రి
మాడవీధిలో జనం నెట్టుకొచ్చేది.

నా జిల్లాను నీళ్ళ వైపు నుంచి చూడాలని
నలభయ్యారో ఏట తెరచాప తాళ్ళు పట్టుకున్నాను.
అరచేతులు బొబ్బలెక్కాయి.
ఇరవైఏళ్ళుగా పిల్లలకి బోర్డు మీద గీసిన సదిశలు
గాలి నిజంగా లాగినప్పుడు
ఒక్కటీ గుర్తురాలేదు.

పడవ పేరు సెలవు.
ముకుందం గారిది. మద్రాసు రేవులో ముప్పైఏళ్ళు
పెద్ద ఓడలకు దారి చూపి
రిటైరయ్యాక తనకంటూ
ముప్పై అడుగుల పడవ కొనుక్కున్నాడు.
శ్రీహరికోటని దూరం నుంచే దాటాం,
రాకెట్ల ఊరు, దగ్గరికి రానివ్వరు.
పొద్దు వాలేసరికి పటంలో ఒక పాత పేరు:
ఆర్మగాన్ దిబ్బలు.
ఆరుముగం అనే ఒక మనిషి పేరట అది,
తెల్లవాళ్ళ నోట్లో నాని నాని
ఇలా అయిందంటారు.
మనిషి పోయాడు, కోట పోయింది,
బట్టల మూటలెత్తుకుని వర్తకులు దక్షిణానికి పోయారు.
ఓడలు తగలకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకోమని
నీటికింది ఇసక్కి మాత్రం పేరు మిగిలింది.

లోతు చెప్పే పెట్టె బీప్ బీప్‌మని భయపెడుతుంటే
ఒక ఫైబర్ పడవ పక్కకొచ్చింది.
పామంజి చెంచురామయ్య.
"యాడికమ్మా?"
"దుగరాజపట్నం రేవుకి."
"ఏ రేవు? పోయిన రేవా, రాబోయే రేవా?"
నవ్వుతూనే సీసం గుండు జారవిడిచి
తడి దారాన్ని బారచాపి కొలిచాడు.
ఒకటి. రెండు. మూడు.
"మూడు బారలు. ఈడ ఏసుకోండి లంగరు."
పెట్టె ఐదున్నర మీటర్లంది.
ఇద్దరిదీ ఒకే మాట.

ఒడ్డున చూడ్డానికి ఏమీ లేదు, ముందే చెబుతున్నాను.
సరుగుడు తోపు. రొయ్యల గుంటల్లో
రాత్రింబగళ్ళు తిరిగే చక్రాలు.
కొత్త ఓడరేవు కోసం పాతిన సర్వేరాళ్ళు,
ఒకదాని మీద వల ఆరేశారు.
ఒక పిల్లాడు నీలం గీతల పింగాణీ పెంకు తెచ్చాడు.
కోట కాలంనాటిదో, మొన్న పగిలిన టీ సాసరో,
తేల్చుకోకుండానే పది రూపాయలిచ్చాను.

దుగరాజంటే యువరాజు, పాత మాట.
గద్దె రేపే, రేపే అని వింటూ
జుట్టు నెరిసిన యువరాజు ఈ ఊరు.
దానికి తొందరేమీ ఉన్నట్టు లేదు.
సాయంత్రం పూట గడప ముందు కూర్చుని
వలలో చిక్కిన ముళ్ళు తీసుకుంటోంది.

చెంచురామయ్య మా తెరచాప నలిపి చూశాడు.
"మా తాత తంగేడు చెక్క నీళ్ళలో ఉడకేసేవోడు చాపని.
ఎర్రంగా ఉండేది.
మీది ఆస్పత్రి దుప్పటి మాదిరి ఉండాదే!"
కాసేపాగి,
"చేపలక్కాదు, సరుక్కి కాదు, మరెందుకొస్తిరి?"
"ఊరికే, చూద్దామని."
అదేదో జబ్బు పేరు విన్నట్టు విని
నాలుగు కానాగంతలు చేతిలో పెట్టాడు,
తింటే తగ్గుతుందన్నట్టు.

"తెల్లారుజామున కొండగాలి లేస్తాది. దాంతో పొండి."
"ఏ కొండ?"
పడమటికి తలైనా తిప్పకుండా
"మీ కొండే," అన్నాడు.

నేల చల్లబడితే పుట్టే గాలి అది,
దానికి ఏ కొండా అక్కర్లేదు.
ఆ పాఠం నేనే చెబుతాను, ఏటా, జనవరిలో.
ఆయనకి చెప్పలేదు.

నాలుగింటికి అన్నట్టే వచ్చింది,
మెడ వెనక చల్లగా.
చాప ఒక్కసారి టపటపలాడి నిండింది.
లంగరు పైకి లాగితే
గోళ్ళ నిండా నల్లటి బురద.
ముకుందం గారు బకెట్టు అందించారు.
మా జిల్లా ఒక పిడికెడు
కరిగి నీళ్ళలోకి పోయింది.